పుష్పాబాయి అడిగిన మాట

"నేను అబద్ధమైతే చెప్పలేదు" అని ఉపేందర్ తనకు తాను చాలాసార్లు చెప్పుకున్నాడు. ఎన్నిసార్లు చెప్పుకున్నా ఆ మాట ఆయన మనసుకు అతకలేదు.

ఉపేందర్ ఇరవై ఏళ్లకు పైగా సైన్యంలో పనిచేసి, హవల్దారుగా రిటైరై, సొంతూరు సూర్యాపేటకు తిరిగొచ్చినవాడు. పొద్దున్నే ఊరి చివర ఖాళీ జాగాలో పిల్లలను పరిగెత్తించేవాడు. పోలీసు ఉద్యోగాలకు తయారయ్యేవాళ్లు, మిలిటరీకి పోదామనుకునేవాళ్లు, ఊరికే ఒళ్లు తగ్గించుకుందామని వచ్చేవాళ్లు, అందరూ ఉండేవారు. పిల్లలకు పరుగు నేర్పడం ఆయనకు కష్టం కాదు. వాళ్ల అమ్మానాన్నలకు నచ్చజెప్పడమే అసలు పని. ఆ పనిలో ఆయనకు మంచి పేరుంది. ఏ ఇంట్లోనైనా కొడుకు మిలిటరీకి పోతానని పట్టుబట్టి, తల్లి అన్నం మానేసి కూర్చుందంటే, ఉపేందర్ సారును పిలవండి అనేవారు. ఆయన వెళ్లి, ఆ తల్లి ఎదుట కూర్చుని, తన సంగతి తానే చెప్పుకుంటూ మెల్లగా భయం తీసేవాడు.

ఆయన దగ్గర పరిగెత్తే పిల్లల్లో రాజేందర్ అందరికంటే ముందుండేవాడు. మాడుగులపల్లి దగ్గరి ఒక లంబాడీ తండా వాళ్లది. సూర్యాపేటలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాడు. అగ్నివీర్ రాతపరీక్ష పాసయ్యాడు, ర్యాలీలో పరుగు గెలిచాడు, మెడికల్ దాటాడు. పద్దెనిమిది ఇంకా నిండలేదు కనుక అమ్మానాన్నలు ఒప్పుకుని సంతకాలు పెట్టాలి. వ్యవహారం అక్కడ ఆగిపోయింది.

నచ్చజెప్పడానికి ఉపేందర్ బైకు మీద రాజేందర్‌ను ఎక్కించుకుని తండాకు బయల్దేరాడు. దారిలో టీ తాగడానికి ఆగినప్పుడు రాజేందర్ గ్లాసు వైపే చూస్తూ అన్నాడు.

"సార్, నాలుగేండ్ల ముచ్చట మా అమ్మోళ్లకు చెప్పకుండ్రి. గది చెప్తే ఇగ సంతకం పెట్టరు."

అగ్నివీర్‌గా చేరినవాళ్లకు ఉద్యోగం నాలుగేళ్లే. ఆ తర్వాత నలుగురిలో ఒకరికి మించి ఉంచుకోరు. తక్కినవాళ్లు సర్కారు చేతికిచ్చే కొంత మొత్తం తీసుకుని ఇంటికి రావలసిందే. పింఛను ఉండదు. ఉపేందర్ చేరిన కాలంలో ఇలా లేదు.

"దాచుడు మంచిగ కాదురా" అన్నాడు ఉపేందర్.

"నన్ను ఎట్లనన్న ఉంచుకుంటరు సార్. నేను అందరికంటే ముందే ఉరుకుత. మీరే చూస్తిరి గదా."

నిజమే, చూశాడు. వీడిని కాక ఇంకెవరిని ఉంచుకుంటారు అని ఆయనకూ అనిపించింది. టీ డబ్బులిచ్చి బండి స్టార్ట్ చేశాడు.

రాజేందర్ తండ్రి మంగ్త్యా మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో హమాలీ. తల్లి పుష్పాబాయి కూలికి పోతుంది, కొద్దిపాటి పొలం కూడా చూసుకుంటుంది. ఇంటి ముందు మంచం వేసి సారును కూర్చోబెట్టారు. ఉపేందర్ అలవాటు ప్రకారం సరిహద్దు భయం గురించి మొదలుపెట్టాడు. అందరూ యుద్ధానికి పోరు, ఆఫీసుల్లో చేసేవాళ్లుంటారు, బండ్లు నడిపేవాళ్లుంటారు అని చెబుతుంటే మంగ్త్యా మధ్యలోనే ఆపాడు.

"సావు గురించి కాదు సారూ. మిల్లుల బస్తాల గుట్ట మీదపడి సచ్చినోన్ని నేను కండ్లార సూసిన. సావు యాడైన ఉంటది. మా సేటు మావోన్ని మిషన్ మీద పనికి పెట్టుకుంటనన్నడు. మూటలు మోసుడు కాదు, మిషన్ పని. మా ఇంటి పక్కనే ఉంటది, ముసలోడు అయ్యేదాంక ఉంటది. గది ఇడిసిపెట్టి గింత దూరం ఎందుకు పంపాలె?"

ఈ ప్రశ్న ఉపేందర్‌కు కొత్త. కాసేపు ఆలోచించి, "అన్నా, ఆదివారం మీరిద్దరు సూర్యాపేటకు రాండ్రి. మా ఇల్లు సూడుండ్రి. మిలిటరీల చేసినోడు ఎట్ల బతుకుతడో మీ కండ్లతోని సూసినంక మీ ఇష్టం" అన్నాడు.

ఆదివారం వాళ్లు వచ్చారు. ఉపేందర్ భార్య ఉమ ఉప్మా చేసి పెట్టింది. ఆయన ఇల్లంతా తిప్పి చూపించాడు. మిలిటరీ క్యాంటీన్లో కొన్న ఫ్రిజ్ చూపించాడు. గోడ మీద యూనిఫాంలో దిగిన ఫొటో చూపించాడు. ముందుగదిలో కూర్చున్న ఆయన ముసలి తల్లి పుష్పాబాయిని పక్కన కూర్చోబెట్టుకుని, తన గుండె ఆపరేషన్ సంగతంతా చెప్పింది. హైదరాబాద్‌లో అంత పెద్ద దవాఖానలో ఒక్క పైసా అడగకుండా చేశారని, కొడుకు మిలిటరీలో ఉండబట్టే తాను బతికానని చెప్పి, ఆపరేషన్ గీత కూడా చూపించింది. పుష్పాబాయి ఆ గీతను వేలితో తాకి చూసింది.

అప్పుడు ఉపేందర్ వైపు తిరిగి ఆమె అడిగింది.

"సారూ, నువ్వు ఇప్పుడు నౌకరి చేస్తలేవు, ఇంటికాడనే ఉన్నవ్. అయినా నెలనెలా నీకు పైసలొస్తున్నయ్. మీ అమ్మకు దవాఖాన సూస్తున్నరు. మా రాజుకు సుత గిట్లనే ఉంటదా?"

రాజేందర్ తల వంచుకుని గోళ్లు చూసుకుంటున్నాడు. ఉపేందర్ ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో నిజం చెప్పవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె ముఖంలో అప్పుడే ఒప్పుదల కనిపిస్తోంది. ఇంకొక్క మాట చాలు.

"అక్కా, దేశానికి పనిజేసినోన్ని సర్కారు ఇడిసిపెడ్తదా? నన్ను సూస్తలేవా?" అని నవ్వాడు.

పుష్పాబాయి కూడా నవ్వింది. మంగ్త్యా సంతకం పెట్టాడు, ఆమె వేలిముద్ర వేసింది. పోతూ పోతూ ఆమె ఉపేందర్ తల్లి కాళ్లకు మొక్కింది.

వాళ్లు వీధి మలుపు తిరిగాక ఉమ అడిగింది. "గా పిలగానికి పింఛను రాదు గదా. గట్ల చెప్పినవేంది?"

"ఉంటదని అన్ననా నేను? సర్కారు ఇడిసిపెట్టదన్న, అంతే."

ఉమ, వాళ్లు తిన్న ప్లేట్లు తీసుకుని లోపలికి పోయింది.

రాజేందర్ హైదరాబాద్‌లో ట్రైనింగుకు వెళ్లాడు. మిల్లులో మిషన్ పని ఇంకో హమాలీ కొడుక్కి ఇచ్చారు. మంగ్త్యా బాధపడలేదు. "మావోనిది పింఛను నౌకరి" అని మిల్లులో అందరికీ చెప్పాడు. తండాలో పుష్పాబాయి చెప్పింది. బంధువుల ఇళ్లలో చెప్పింది. అలా చెబుతూనే కోదాడ పెళ్లికి పోయింది.

ఆమె చెల్లెలు తారా కూతురు అనూష పెళ్లి అది. కోదాడలో ఫంక్షన్ హాలు. మిల్లులో ధాన్యం దిగే కాలం కావడంతో మంగ్త్యా రాలేదు. ఆడవాళ్లు ఒకచోట చేరి పిల్లల కబుర్లు చెప్పుకుంటుంటే పుష్పాబాయి తన కొడుకు సంగతి మొదలుపెట్టింది. నెలనెలా జీతం, ఆ తర్వాత పింఛను, తల్లిదండ్రులకు దవాఖాన ఖర్చు, అన్నీ వరసగా చెప్పింది. పెళ్లికొడుకు తరఫున వచ్చిన ఒక లెక్చరర్ పక్కనే నిలబడి విన్నాడు. కోదాడలోనే పుట్టి పెరిగినవాడు.

"పిన్నిగారూ, అగ్నివీరే కదండీ? అది నాలుగేళ్ల ఉద్యోగమండీ. పింఛను రాదు. మీకెవరో సరిగ్గా చెప్పలేదు" అన్నాడు.

"మాకు చెప్పినాయన మిలిటరీల చేసిన సారు. ఆయనకు నీకంటె ఎక్కువ ఎరుక" అంది పుష్పాబాయి.

అతను మర్యాదగానే ఫోన్ తీసి చదివి వినిపించబోయాడు. ఆమె వినలేదు. గొంతు పెంచింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎవరో "నాలుగేండ్ల పింఛనట" అన్నారు. తారా వచ్చి అక్క చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోబోయింది. పుష్పాబాయి చెయ్యి విడిపించుకుని, భోజనాలు వడ్డిస్తుండగానే బయటికి నడిచి, సూర్యాపేట బస్సెక్కింది.

ఉపేందర్ వాకిట్లో బైకు కడుగుతున్నాడు. పెళ్లి చీరలో, తలలో పూలతో గేటు తీసుకుని వస్తున్న పుష్పాబాయిని చూసి సంతోషంగా లేచాడు. ఆమె కూర్చోలేదు. రొప్పుతోంది.

"సారూ, కోదాడల ఒగ లెక్చరర్ ఉన్నడు. మా రాజుది నాలుగేండ్ల నౌకరేనట, పింఛను రాదంటడు. అందరి ముంగట నన్ను నవ్వులపాలు చేసిండు. నేను ఊకున్ననా, మా సారు చెప్పిండని కొట్లాడిన." ఆమె కొంగు ముడి విప్పి, ఆ లెక్చరర్‌తోనే ఫోన్ నంబరు రాయించుకొచ్చిన చిన్న కాగితం ముక్క ఆయన చేతిలో పెట్టింది. "గాయనకు నువ్వు జర ఫోన్ చేసి చెప్పు. నీ నోటితోని చెప్తే ఇంటడు."

ఉపేందర్ చేతికి సబ్బు నురగ ఉంది. కాగితం తడిసిపోయింది. ఆమె తిట్టడానికి వచ్చి ఉంటే ఆయన తట్టుకునేవాడు. ఆమె తనను నమ్మి, తన కోసం పదిమందిలో పోట్లాడి, ఆ పోట్లాటను గెలిపించమని వచ్చింది.

"అక్కా... ఆయన చెప్పింది నిజమే."

"ఏది నిజం?"

"నాలుగేండ్లది. పింఛను లేనిది."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. చెవి కొంచెం ముందుకు పెట్టింది, సరిగ్గా వినబడనట్టు. ఆయన మళ్లీ చెప్పాడు. నలుగురిలో ఒకరినే ఉంచుకుంటారన్నది కూడా చెప్పాడు. మాటలు వినబడి ఉమ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"గిది నీకు గా దినం ఎరుకలేదా?" అంది పుష్పాబాయి.

ఆ అడగడంలో ఇంకా ఆశ ఉంది. తర్వాత మార్చారు అని చెబితే ఆమె నమ్ముతుంది. ఉపేందర్ ఆ మాట కూడా ఆలోచించాడు. గుమ్మంలో ఉన్న ఉమ తన వైపే చూస్తోంది.

"ఎరుకే" అన్నాడు.

అని ఊరుకున్నా బాగుండేది. కానీ ఆమె చూపు కింద నిలబడలేక, ఏదో ఒకటి అడ్డం పెట్టుకోవాలని, "మీ రాజే చెప్పొద్దన్నడక్కా. మా అమ్మోళ్లు సంతకం పెట్టరని వాడే అన్నడు" అనేశాడు.

పుష్పాబాయి ముఖం అప్పుడు మారింది. అంతదాకా ఆమెకు కోపం, అవమానం. ఇప్పుడు అవి రెండూ పోయాయి. కొంగు తీసి భుజం చుట్టూ కప్పుకుంది, చలి వేసినట్టు.

"రాజుకు ఎరుకేనా?" అంది నెమ్మదిగా.

ఉమ మెట్లు దిగి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "లోపలికి రా అక్కా. జర అన్నం తిను."

"పెండ్లి కాడ తిన్న" అంది పుష్పాబాయి. ఆ ముఖం చూస్తే ఆమె ఏమీ తినలేదని ఉమకు తెలుస్తూనే ఉంది. చెయ్యి నెమ్మదిగా విడిపించుకుని, గేటు జాగ్రత్తగా మూసి, వెళ్లిపోయింది.

"నీ తప్పు తీసుకపోయి పసిపోరని మీద ఏసినవ్" అంది ఉమ. ఆ రోజంతా ఆమె ఆయనతో మళ్లీ మాట్లాడలేదు. ఉపేందర్ సగం కడిగిన బైకును అలాగే వదిలేసి, కొళాయి కట్టేయడం కూడా మరిచిపోయి, వాకిట్లో కూర్చుండిపోయాడు.

ట్రైనింగులో ఉన్నవాళ్లకు ఆదివారం ఫోన్ ఇస్తారు. ఆదివారం రాజేందర్ ఉపేందర్‌కు ఫోన్ చేశాడు.

"సార్, అమ్మ ఫోన్ ఎత్తుతలేదు. బాపు ఎత్తి, నీకు ముందే ఎరుకట గదా అని పెట్టేసిండు. ఎవలు చెప్పిన్రు సార్?"

"నేనే చెప్పిన" అన్నాడు ఉపేందర్. "నీ పేరు నేనే చెప్పిన."

అటువైపు వెనక ఎవరో హిందీలో కేకలు వేస్తున్నారు.

"గట్లనా సార్" అన్నాడు రాజేందర్ చివరికి. తిట్టలేదు. తర్వాత, "నేను వచ్చేస్త సార్. నాకు మనసు నిలుస్తలేదు" అన్నాడు.

"పిచ్చిపని చెయ్యకు. మీ బాపు కాడికి నేను పోత. నువ్వు నీ పని చూసుకో."

మర్నాడు ఉపేందర్ మిర్యాలగూడ వెళ్లాడు. మిల్లు గేటు బయట లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. గాలిలో ఊక దుమ్ము. మధ్యాహ్నం అన్నం వేళకు మంగ్త్యా తల మీది తువాలు విప్పి దులుపుకుంటూ బయటికి వచ్చాడు. ఉపేందర్‌ను చూసి ఆగాడు. పొమ్మనలేదు, రమ్మనలేదు. గోడ నీడలో కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచాడు. ఉపేందర్ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అన్నా, తప్పు నాది" అన్నాడు. "రాజు చిన్నోడు. వాడు దాచమన్నా, కాదు అనాల్సిన పెద్దోన్ని నేను. అక్క అడిగిన మాటకు నేను తిప్పి చెప్పిన."

మంగ్త్యా ముద్ద కలుపుతూ విన్నాడు.

"ఇప్పుడన్న మొత్తం చెప్పు సారూ. మంచిది చెప్పు, చెడ్డది చెప్పు. ఏదీ ఇడిసిపెట్టకు."

ఉపేందర్ చెప్పాడు. నాలుగేళ్లు జీతం వస్తుంది, తిండి, బట్ట, వైద్యం వాళ్లే చూస్తారు. ఆ నాలుగేళ్లలో ఏమైనా అయితే ఇంటివాళ్లకు బీమా వస్తుంది. దిగివచ్చేటప్పుడు ఒక మొత్తం చేతికిస్తారు. అక్కడ నేర్చిన పనికి సర్టిఫికెట్ ఇస్తారు. కేంద్ర పోలీసు బలగాల్లో వీళ్లకోసం కొన్ని ఉద్యోగాలు పక్కన పెట్టారు, కానీ పరీక్ష రాసి గెలవాలి, ఊరికే ఇవ్వరు. పింఛను లేదు. తల్లిదండ్రులకు దవాఖాన కార్డు ఉండదు. క్యాంటీన్ ఉండదు. నలుగురిలో ఒకడిగా మిగిలితేనే అవన్నీ.

"తుపాకి కాల్చుడు మిల్లుల అక్కెరకు రాదు గదా" అన్నాడు మంగ్త్యా.

"రాదు. గని డ్రైవింగ్ నేర్పొచ్చు, మిషన్ల పని నేర్పొచ్చు. ఏం నేర్పుతరో వాని యూనిట్‌ను బట్టి ఉంటది. నేను మాటియ్యలేను."

మంగ్త్యా తల ఊపాడు. అన్నం తినడం పూర్తిచేసి, డబ్బా కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చున్నాడు.

"గిదంత గా దినమే చెప్తే నేను సంతకం పెడుతుంటినేమో. పెట్టకపోతుంటినేమో. గది నాకు ఇడిసిపెట్టాలె గద సారూ." ఆగి, ఉపేందర్ కళ్లలోకి చూశాడు. "తండోళ్లు, వీళ్లకేం సమజ్ అయితదనుకున్నవా?"

ఉపేందర్ లేదు అనబోయాడు. అనలేకపోయాడు. అంతకు కొంతకాలం ముందే సూర్యాపేటలో ఒక బట్టల షాపు ఆయన తన కొడుకు గురించి అడగడానికి వచ్చాడు. ఆయన చదువుకున్నవాడు, పేపరు చూసేవాడు. ఆయనకు ఉపేందర్ నాలుగేళ్ల సంగతి మొట్టమొదటే చెప్పాడు. ఎలాగూ ఆయనకు తెలుస్తుంది కదా అని. పుష్పాబాయికి తెలియదు కాబట్టే చెప్పలేదు. ఆ సంగతి ఇప్పుడు మంగ్త్యా ఎదుట కూర్చుంటే కానీ ఆయనకు తట్టలేదు. నేల మీద ఊక పొట్టును వేలితో అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు.

మంగ్త్యా లేచి తువాలు తలకు చుట్టుకున్నాడు.

"రాజు మీద కోపం పెట్టుకోకు అన్నా. వాడు వచ్చేస్తనంటున్నడు."

"వానిది సుత తప్పున్నది. గది మా ఇంటి ముచ్చట, మేం మేం మాట్లాడుకుంటం. వచ్చుడైతే వద్దని చెప్త. ఎక్కినంక మధ్యల దిగుడేంది?" అని లోపలికి పోయాడు.

ఆ తర్వాతి ఆదివారం పుష్పాబాయి ఫోన్ ఎత్తిందని, ఒక్క మాటా మాట్లాడకుండా తాను చెప్పేది విన్నదని, చివర్లో "తిన్నవా" అని అడిగిందని రాజేందర్ చెప్పాడు. ఆ చెప్పడంలో ఇదివరకటి చనువు లేదు.

అదే నెలలో ఉపేందర్‌కు ఇంకో ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. సూర్యాపేటలోనే ఆటో నడిపే ఈదయ్య కూతురు అశ్విని ఏడాదిగా ఆయన దగ్గర పరిగెత్తుతోంది. మిలిటరీ పోలీసులో ఆడపిల్లలను కూడా అగ్నివీర్‌లుగా తీసుకుంటున్నారని తెలిసి పట్టుదలగా తయారవుతోంది. తల్లి కాటమ్మ ససేమిరా అంటోంది. "మీరొచ్చి మాట్లాడితే మా అమ్మ ఇంటది సార్" అని అశ్విని బతిమాలింది.

ఉపేందర్ వెళ్లాడు. ఈసారి నాలుగేళ్ల మాటతోనే మొదలుపెట్టాడు. మంచి ఎంతుందో అంతా చెప్పాడు, లేనిది లేదని చెప్పాడు. కాటమ్మ శ్రద్ధగా విన్నది. రెండు మూడు ప్రశ్నలు వేసింది. తర్వాత అంది.

"గట్లైతే వద్దన్నా. నాలుగేండ్లయినంక మళ్ల మొదటికొస్తే పిల్ల ఏం గావాలె? ఈడనే కానిస్టేబులుకు సదువుకుంటది."

అశ్విని ఆయనను గేటు దాకా సాగనంపడానికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అందరికి నచ్చజెప్తరు సార్ మీరు. నా కాడికి వచ్చేసరికి గిట్ల చెప్పిన్రు" అంది.

మర్నాటి నుంచి ఆమె మైదానానికి రావడం మానేసింది. నిజం చెప్పానన్న తృప్తి తనకు కలుగుతుందని ఆయన ఎదురుచూశాడు. కలగలేదు. ఆ పిల్ల పరిగెత్తే చోటు ఖాళీగా కనిపించేది. ఒకరి దగ్గర దాచి తప్పు చేశాను, ఇంకొకరికి చెప్పి వాళ్ల ఆశ తీసేశాను అనుకున్నాడు. కానీ ఈ రెండూ ఒకటి కావని కూడా ఆయనకు తెలుసు. ఒక ఇంట్లో నిర్ణయం తాను చేశాడు. ఇంకో ఇంట్లో వాళ్లు చేసుకున్నారు.

ట్రైనింగ్ అయిపోయింది. కొత్త జవాన్లు ప్రమాణం చేసే పరేడ్‌కు తల్లిదండ్రులను పిలిచారు. ముందురోజు మంగ్త్యా ఫోన్ చేశాడు.

"సారూ, రేపు హైదరాబాద్ రా. వాడు రమ్మంటున్నడు. ఎంతైనా ఉరుకుడు నేర్పినోడివి."

"అక్క ఏమంటది?"

"ఏమనదు. రా."

పరేడ్ బాగా జరిగింది. బ్యాండు, వరసలు, ఒకేసారి నేలను తాకే బూట్లు. ఉపేందర్‌కు తన రోజులు గుర్తొచ్చాయి. తర్వాత కొడుకులను సైన్యానికి ఇచ్చినందుకు తల్లిదండ్రులకు పతకాలు తొడిగారు. పుష్పాబాయి పతకాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసుకుంది. ఉపేందర్ వెనక కుర్చీల్లోనే కూర్చున్నాడు.

రాజేందర్ పరుగున వచ్చి "యాడీ" అని తమ భాషలో అమ్మను పిలుస్తూ ఆమె కాళ్ల మీద వంగాడు. ఆమె వాడిని లేపి, చెవి పట్టుకుని, తమ లంబాడీ భాషలో చాలాసేపు ఏదో చెప్పింది. మొదట గట్టిగా, తర్వాత మెల్లగా. వాడు తల వంచుకుని విన్నాడు. యూనిఫాం చేతితోనే కళ్లు తుడుచుకున్నాడు. ఆమె కూడా ఏడ్చింది. ఉపేందర్ దూరంగానే నిలబడ్డాడు. ఆ మాటలు ఆయనకు అర్థం కావు. అడిగే హక్కు కూడా లేదు.

తర్వాత రాజేందర్ ఆయన దగ్గరికి వచ్చి సెల్యూట్ చేశాడు. "బాగున్నరా సార్" అన్నాడు. "మంచిగున్న. నువ్వు మంచిగ చేసినవ్" అన్నాడు ఉపేందర్.

ఇంతలో రాజేందర్ కంపెనీ ఆఫీసరు తల్లిదండ్రులను పలకరిస్తూ అటు వచ్చాడు. పుష్పాబాయి అతని ముందుకు నడిచింది. తనకొచ్చిన హిందీలో, ఏ మొహమాటం లేకుండా అడిగింది.

"సాబ్, చార్ సాల్ బాద్ మేరే బేటే కో రఖ్తే క్యా నై?"

నాలుగేళ్లయ్యాక నా కొడుకును ఉంచుకుంటారా లేదా అని. చుట్టూ ఉన్న తల్లిదండ్రులు కూడా ఆగి విన్నారు. రాజేందర్ కంగారుపడ్డాడు. ఆఫీసరు నవ్వేయలేదు. అమ్మా, నేను మాటివ్వలేను అన్నాడు. నాలుగేళ్లూ చూస్తాం, పని, పరీక్షలు, క్రమశిక్షణ అన్నీ చూస్తాం, మీవాడు బాగానే ఉన్నాడు కానీ ఇలాంటివాళ్లు చాలామంది ఉన్నారు, ఉంచుకోకపోతే ఇంటికి పంపుతాం, అప్పుడు ఇవి ఇస్తాం, ఇవి ఇవ్వం అని వరసగా చెప్పాడు.

టీ చల్లారేంతసేపు కూడా పట్టలేదు. ఆమె అడిగింది, అతను చెప్పాడు, ఆమెకు అర్థమైంది. ఉపేందర్ చేతులు వెనక్కి కట్టుకుని, తన బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"సాఫ్ చెప్పిండు" అంది పుష్పాబాయి భర్తతో.

సాయంత్రం ముగ్గురూ బస్టాండుకు వచ్చారు. నల్గొండ మీదుగా మిర్యాలగూడ పోయే బస్సు ముందుగా వచ్చింది. మంగ్త్యా సంచి పట్టుకుని ఎక్కాడు. పుష్పాబాయి మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. ఆ రోజు ఆమె ఉపేందర్‌తో మాట్లాడటం అదే మొదలు.

"సారూ, మా తండాల ఇంకిద్దరు పోరగాండ్లు ఉరుకుతున్నరు. మిలిటరీకి పోతమంటున్నరు. వాళ్ల అమ్మోళ్లు నన్ను అడుగుతున్నరు."

"నేను వచ్చి చెప్త అక్కా. అన్నీ చెప్త."

"వద్దు. నువ్వు రాకు. నేను చెప్త."

కోపంగా అనలేదు. పొలం పని ఎవరు ఏది చెయ్యాలో పంచినట్టు అంది. ఉపేందర్ తల ఊపాడు. బస్సు కదిలింది. మంగ్త్యా కిటికీలోంచి చెయ్యి ఎత్తాడు. ఆమె ముందుకే చూస్తోంది.

సూర్యాపేట బస్సులో సీటు దొరికాక ఉమ ఫోన్ చేసింది.

"మంచిగ అయిందా?"

"మంచిగ అయింది."

"అక్క మాట్లాడిందా నీతోని?"

"మాట్లాడింది" అన్నాడు ఉపేందర్.

ఏం మాట్లాడిందని ఉమ అడిగింది. ఇంటికొచ్చి చెబుతానని ఫోన్ పెట్టేశాడు. ఇంటికి వచ్చాక కూడా, కాళ్లు కడుక్కుని, తల్లికి మందులిచ్చి, ఉమ ఎదుట కూర్చున్న తర్వాత గాని ఆయనకు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.